బ్లోయర్ మార్చే ముందు బుడగ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

అపార్ట్‌మెంట్ ఎస్టీపీల (మురుగు శుద్ధి ప్లాంట్ల) కంపు మీద మీ బెంగళూరు పేజీలో వచ్చిన వార్త చదివాం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు సాయంత్రమైతే కిటికీలు మూసుకునే ఇళ్లు ఉన్నాయి. వాళ్ల బాధ పట్టించుకుని రాసినందుకు కృతజ్ఞతలు. అయితే పరిష్కారం దగ్గరికొచ్చేసరికి వార్తలో పొరపాటు జరిగింది. ట్యాంకులోకి గాలి ఎంత ఎక్కువ కొడితే మురుగు అంత బాగా శుద్ధి అవుతుందని, కాబట్టి బ్లోయర్ (గాలి కొట్టే యంత్రం) సైజు పెంచుకోవాలని అందులో ఉంది. కమిటీ మీటింగుల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది. ఇది నమ్మి పెద్ద బ్లోయర్ కొంటే కరెంటు బిల్లు తప్పకుండా పెరుగుతుంది, కంపు మాత్రం చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. ఎందుకలా అవుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం. అంకెలు తీసేస్తే ఈ విషయం అర్థం కాదు, అందుకని కొంచెం పొడుగైనా కత్తిరించకుండా వేయమని మనవి.

ట్యాంకులో మురుగును తినేది బ్యాక్టీరియా. వాటికి కావలసింది నీళ్లలో కరిగిన ఆక్సిజన్. బుడగలో ఎంత ఉన్నా వాటికి అందదు, అది బుడగ గోడ దాటి నీళ్లలోకి దిగాలి. పదార్థం ఇలా ఒక చోటి నుంచి ఇంకో చోటికి, వాయువులోంచి ద్రవంలోకో ద్రవంలోంచి వాయువులోకో చేరడాన్నే కెమికల్ ఇంజినీరింగులో మాస్ ట్రాన్స్‌ఫర్ అంటాం, తెలుగులో ద్రవ్య బదిలీ. బ్లోయర్ పని గాలిని ట్యాంకు అడుక్కి చేర్చడం వరకే. అక్కణ్నుంచి బుడగ పైకి తేలి పగిలేలోగా, అంటే మూడున్నర మీటర్ల లోతులో ఇంచుమించు 15 సెకన్లలో, ఎంత ఆక్సిజన్ దిగింది అన్నదే అసలు లెక్క.

మొదట నీళ్లు ఎంత పట్టగలవో చూడాలి. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పదార్థం వెళ్తుందని బడిలో చెప్పినప్పుడు, రెండు వైపులా సమానమయ్యేదాకా వెళ్తుందనుకుంటాం. అలా జరగదు. బెంగళూరులో ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 250 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే గాలి కింద ఎన్ని రోజులు ఉంచినా, 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు నీళ్లు పట్టేది 7.4 గ్రాములే. అక్కడికి బదిలీ ఆగిపోతుంది. ఈ పరిమితి నీటి వేడి మీద, గాలిలోని ఆక్సిజన్ పీడనం మీద ఆధారపడుతుంది. సముద్ర మట్టంలో అయితే అదే 25 డిగ్రీలకు 8.26 గ్రాములు పట్టేది. మన ఊరు 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉండటంతో గాలి పీడనం పదో వంతు తక్కువ, దాంతోపాటు ఇదీ తగ్గింది. చెన్నైలో నీళ్లు 30 డిగ్రీల దగ్గరున్నా 7.56 గ్రాములు పడతాయి. ఊరు చల్లన కాబట్టి ఇక్కడి నీళ్లు ఆక్సిజన్‌ను ఎక్కువ పట్టుకుంటాయని చాలామంది అనుకుంటారు. ఎత్తు ఆ లాభాన్ని తినేసింది.

ఇక వేగం సంగతి. అణువులు వాటంతట అవి పాకడాన్ని వ్యాపనం అంటారు. గాఢతలో తేడా ఎంత నిటారుగా ఉంటే పాకుడు అంత ఎక్కువ అని 1855లో ఫిక్ సూత్రం కట్టాడు. అయితే నీళ్లలో ఈ పాకుడు మహా నిదానం, గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. కదలని నీళ్లలో ఆక్సిజన్ ఒక మిల్లీమీటరు దూరం పోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. దూరం పదింతలైతే సమయం నూరింతలు. ఆ లెక్కన ఒక మీటరు పోవడానికి ఎనిమిదేళ్లు. చక్కెర వేసి కలపని టీ గ్లాసులో పైన చప్పగా, అడుగున పానకంలా ఉండటానికి కారణం ఇదే. చెంచా తిప్పగానే ద్రవమే చక్కెరను మోసుకుపోతుంది. అణువు తన కాళ్ల మీద నడవాల్సింది ఇక చివరి సన్నటి పొర మాత్రమే.

ఆ పొర దగ్గరే ఎస్టీపీ కథంతా నడుస్తుంది. బుడగ గోడకు లోపలివైపు గాలి పొర ఒకటి, బయటివైపు నీటి పొర ఒకటి ఉంటాయని, బదిలీకి అడ్డు అంతా ఆ రెండింటిలోనే ఉంటుందని 1923లో విట్‌మన్ ప్రతిపాదించాడు. ఏ పొర ఎక్కువ అడ్డుపడుతుందో పదార్థాన్ని బట్టి మారుతుంది. తడి బట్టలు ఆరడం తీసుకోండి. అక్కడ అడ్డు గాలివైపు. ఫ్యాను పెడితే బట్ట చుట్టూ ఉన్న తేమ పొర చెదిరిపోయి త్వరగా ఆరుతుంది. జులైలో ఎండ లేకపోయినా బెంగళూరు బాల్కనీల్లో బట్టలు ఆరేది ఆ గాలి వల్లే. ఆక్సిజన్ విషయంలో ఇది తలకిందులు. ఆక్సిజన్ నీళ్లలో సరిగా కరగదు, అందువల్ల అడ్డు దాదాపు అంతా నీటివైపు పొరలో ఉంటుంది. బుడగ లోపల గాలి ఎంత తాజాగా ఉన్నా, ఎంత జోరుగా వచ్చినా ఆ పొర పలచబడదు. బుడగ పక్కన నీళ్లు ఎంత త్వరగా మారుతున్నాయి, మొత్తం బుడగల గోడల వైశాల్యం ఎంత, నీళ్లలో ఆక్సిజన్ లోటు (పట్టగలిగినదానికీ ఉన్నదానికీ తేడా) ఎంత, ఈ మూడింటి లబ్ధమే బదిలీ. ఈ మూడింటిలో బ్లోయర్ హార్స్‌పవర్ ఎక్కడా నేరుగా లేదు.

ఇప్పుడు ఒక ప్లాంటు తీసుకుందాం. నూరు ఫ్లాట్లు, రోజుకు 50 వేల లీటర్ల మురుగు, లీటరుకు 250 మిల్లీగ్రాముల బీవోడీ (బ్యాక్టీరియా తినగల మురుగుకు కొలత), గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకు 33 ఘనపు మీటర్లు, అడుగున బుడగలు వదిలే డిఫ్యూజర్ల మీద నీళ్లు మూడున్నర మీటర్లు. బీవోడీ రోజుకు 12.5 కిలోలు. దాన్ని తినడానికి, అమ్మోనియాను నైట్రేటుగా మార్చడానికి కలిపి సుమారు 22 కిలోల ఆక్సిజన్ కావాలి. అమ్మోనియా వాటాను వదిలేసి డిజైన్ చేసిన ప్లాంట్లు మొదటి రోజు నుంచే ఊపిరి చాలక ఉంటాయి. ఒక కిలో అమ్మోనియా నైట్రోజన్‌కు 4.57 కిలోల ఆక్సిజన్ పోతుంది, అది చిన్న వాటా కాదు.

ఫైన్ బబుల్ డిఫ్యూజర్ శుభ్రమైన నీళ్లలో మీటరు లోతుకు ఇంచుమించు 6 శాతం ఆక్సిజన్ దింపుతుంది. మూడున్నర మీటర్లకు 21 శాతం. క్యాటలాగులో ఉండే అంకె ఇదే, కమిటీకి చూపించేదీ ఇదే. మురుగులోకి వచ్చేసరికి సబ్బుల వల్ల అది సగానికి పడిపోతుంది. నీళ్లలో అప్పటికే లీటరుకు 2 మిల్లీగ్రాములు (ఘనపు మీటరుకు 2 గ్రాములన్నా అదే) ఉంచాలి కాబట్టి లోటు పూర్తి 9.09 ఉండదు (క్యాటలాగు పరీక్ష 20 డిగ్రీల్లో, సముద్ర మట్టానికి లెక్కకట్టింది), మన దగ్గర మురుగులోని లవణాల వల్ల 7.4 కాస్తా 7 అవుతుంది కాబట్టి 5 మాత్రమే. వేడికి పాకుడు వేగం పెరిగి కాస్త కలిసొస్తుంది. అన్నీ గుణిస్తే 21 శాతం కాస్తా ఆరున్నర శాతం అవుతుంది. ఘనపు మీటరు గాలిలో 250 గ్రాములుంటే నీళ్లలోకి దిగేది 16 గ్రాములు, మిగతాదంతా మళ్లీ ఆకాశంలోకే. ఆ లెక్కన సగటున గంటకు 57 ఘనపు మీటర్ల గాలి చాలు. పొద్దున అందరూ స్నానాలు చేసే వేళకు దాదాపు రెట్టింపు పెట్టుకోవాలి.

లోటు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, డబ్బు పోయేది ఇక్కడే. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను 2 దగ్గర ఉంచితే లోటు 5. ఎక్కువైతే మంచిదే కదా అని 4కు పెంచితే లోటు 3కు పడిపోతుంది. బ్యాక్టీరియా తినేది అంతే, వాటికి అందాల్సిన ఆక్సిజన్ అంతే, కానీ దాన్ని దించడానికి గాలి 67 శాతం ఎక్కువ కొట్టాలి. నిండుతున్న కొద్దీ నీళ్లు ఆక్సిజన్ తీసుకోవడానికి మొరాయిస్తాయి. అందుకే మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ ప్లాంటులో (బ్యాక్టీరియా బురద ముద్దలుగా నీళ్లలో కలిసి తిరిగే రకం) 2 చాలంటాం. ప్లాస్టిక్ మీడియా తేలే ఎంబీబీఆర్ ప్లాంటులో మాత్రం 3 నుంచి 4 ఉంచాలి. అక్కడ బ్యాక్టీరియా ఆ ప్లాస్టిక్ ముక్కల మీద మందంగా అట్టకడుతుంది, ఆ అట్ట లోపలికి ఆక్సిజన్ పాకాలంటే బయట గాఢత ఎక్కువ ఉండాలి. మరీ తగ్గించడం కూడా ప్రమాదమే. 0.5 దగ్గర నడిపితే స్లడ్జ్ ముద్దల లోపలికి ఆక్సిజన్ చేరదు, దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగి స్లడ్జ్ కిందికి దిగకుండా దూదిలా తేలుతుంది.

ఇక బుడగ. ఒక ఘనపు మీటరు గాలిని 2 మిల్లీమీటర్ల బుడగలుగా చేస్తే వాటి గోడలన్నీ కలిపి 3000 చదరపు మీటర్లు, అంటే ముప్పావు ఎకరం. అదే గాలి 10 మిల్లీమీటర్ల బుడగలుగా వస్తే 600 చదరపు మీటర్లు, 15 సెంట్లు. అదే బ్లోయర్, అదే కరెంటు, వైశాల్యం ఐదో వంతు. పైగా పెద్ద బుడగ త్వరగా పైకి తేలిపోతుంది. డిఫ్యూజర్ మీది రబ్బరు మెంబ్రేన్ (సన్న రంధ్రాల పొర) చిరిగితే జరిగేది ఇదే. దీన్ని పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ట్యాంకు గట్టు మీద నిలబడి రెండు నిమిషాలు నీళ్ల పైభాగం చూడండి. బాగున్న ట్యాంకు మీద అంతటా ఒకే తీరుగా సన్నటి బుడగలు, పాలు పొంగే ముందు అంచుల్లో కనిపించేలాంటి నురగ ఉంటుంది. ఒక చోట మాత్రం ఎసరు మరిగినట్టు కుతకుతలాడుతుంటే దాని కింద మెంబ్రేన్ చిరిగిందనో పైపు విరిగిందనో అర్థం. గాలి అడ్డు తక్కువున్న దారినే పోతుంది కాబట్టి ఆ ఒక్క చిరుగు మిగతా డిఫ్యూజర్ల గాలిని కూడా లాగేస్తుంది. మూలల్లో నీళ్లు కదలకుండా నల్లగా ఉన్నాయంటే అక్కడ గాలి అందడం లేదు. ఈ స్థితిలో పెద్ద బ్లోయర్ పెడితే ఆ కుతకుత మాత్రమే పెరుగుతుంది.

మెంబ్రేన్లు చిరగకపోయినా చిక్కు ఉంది. తొమ్మిది అంగుళాల డిస్కు ఒక్కొక్కటి గంటకు 4 ఘనపు మీటర్ల దగ్గర సన్నటి బుడగలు ఇస్తుంది. గాలి రెట్టింపు చేస్తే రంధ్రాలు సాగి, బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. గాలి పెంచదలిస్తే డిఫ్యూజర్ల సంఖ్య కూడా పెంచాలి. బ్లోయర్ కొటేషన్‌లో ఈ సంగతి ఉండదు.

బ్లోయర్ దగ్గరి ప్రెజర్ గేజ్ చాలా చెబుతుంది, దాన్ని రోజూ రాసిపెట్టే ఆపరేటర్ ఉంటే ప్లాంటు సగం బాగున్నట్టే. మూడున్నర మీటర్ల నీళ్లకు చదరపు సెంటీమీటరుకు 0.35 కిలోలు, పైపులకూ మెంబ్రేన్లకూ మరో 0.05 నుంచి 0.1. కాబట్టి 0.40 నుంచి 0.45 మధ్య ఉంటే సరి. నెలలు గడిచేకొద్దీ 0.5 దాటి పోతుంటే మెంబ్రేన్ రంధ్రాలు పూడుతున్నాయి, జిగురో, బోరు నీళ్ల సున్నమో. సున్నమైతే తయారీదారు చెప్పిన మోతాదులో ఎసిటిక్ లేదా ఫార్మిక్ ఆమ్లంతో వదులుతుంది. జిగురుకు రోజూ కొన్ని నిమిషాలు గాలి పెంచి తగ్గిస్తే మెంబ్రేన్ సాగి ముడుచుకుని చాలావరకు రాలిపోతుంది. ట్యాంకు నిండుగా ఉండగా గేజ్ అకస్మాత్తుగా 0.35 కన్నా కిందికి పడితే గాలి మధ్యలోనే ఎక్కడో బయటపడుతోంది. వీటన్నిటికన్నా ముందు బ్లోయర్ ఎయిర్ ఫిల్టర్ దులపండి, బెల్టు బిగువు చూడండి. ఈ రెండూ సరిచేసుకుంటే కొత్త బ్లోయర్ ఊసే ఎత్తక్కర్లేని చోట్లు ఉంటాయి.

సబ్బుల గురించి. డిటర్జెంట్ అణువులు బుడగ గోడ మీద వరసగా అతుక్కుని దాన్ని బిరుసెక్కిస్తాయి. శుభ్రమైన నీళ్లలో బుడగ చర్మం జారుతూ కొత్త నీళ్లను తాకుతుంది, సబ్బు పట్టిన బుడగ గట్టి గోళీలా పైకి పోతుంది. చుట్టూ ఉన్న నీటి పొర మారదు, బదిలీ సగానికి పడుతుంది. బెళ్లందూరు చెరువు అలుగు దగ్గర నురగ గుట్టలు చూశాం, 2015లో ఆ నురగకు నిప్పు కూడా అంటుకుంది. మన ట్యాంకులో నురగ రాగానే డీఫోమర్ పోయించేస్తారు. నురగ అణుగుతుంది, కానీ సిలికాన్ డీఫోమర్లు బుడగలను కలిపేసి ఆక్సిజన్ బదిలీని ఇంకా తగ్గిస్తాయి. నురగకు నీళ్ల జల్లు కొట్టడం, స్లడ్జ్ గాఢత పెంచడం ముందు చేయాలి. లాండ్రీ నీళ్లన్నీ ఒకేసారి ట్యాంకులో పడకుండా ఈక్వలైజేషన్ ట్యాంకును (వచ్చిన మురుగును ముందు నిల్వచేసి సమానంగా వదిలేది) సరిగా వాడుకోవాలి.

రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు వరకు శబ్దం వస్తోందని బ్లోయర్ ఆపించే సొసైటీలు ఉన్నాయి. వాళ్లకు ఒక్క లెక్క చెప్పాలి. పైన చెప్పిన ట్యాంకులో బ్యాక్టీరియా గంటకు లీటరుకు సుమారు 28 మిల్లీగ్రాముల ఆక్సిజన్ తింటుంది. నీళ్లలో నిల్వ ఉన్నది 2. అంటే బ్లోయర్ ఆపిన నాలుగైదు నిమిషాలకు ట్యాంకులో ఆక్సిజన్ ఖాళీ. తర్వాత ఐదున్నర గంటలకు పైగా ఊపిరి లేకుండా ఉంటుంది. స్లడ్జ్ అడుక్కి దిగి డిఫ్యూజర్ల మీద కూర్చుంటుంది, సల్ఫేటు మీద బతికే బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. పొద్దున బ్లోయర్ వేయగానే గుప్పుమనే కుళ్లిన కోడిగుడ్డు వాసన ఆ రాత్రి సంపాదనే. శబ్దమే బాధైతే సైలెన్సర్ మార్చండి, బ్లోయర్ గదికి శబ్దం పీల్చే అట్టలు కొట్టించండి, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టి రాత్రి వేగం తగ్గించండి. పూర్తిగా మాత్రం ఆపకండి.

డీవో మీటరు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచేది) కొన్నవాళ్లు ఒక సెట్టింగు చూసుకోవాలి. చాలా మీటర్లు ఎత్తును సున్నా అనుకుని వస్తాయి. అలాగే క్యాలిబ్రేట్ చేస్తే 25 డిగ్రీల దగ్గర 7.4ను 8.26 అని చూపిస్తుంది, ప్రతి రీడింగూ పదో వంతుకు మించి ఎక్కువ వస్తుంది. మీటరులో బెంగళూరు ఎత్తు వేసి, తర్వాతే క్యాలిబ్రేట్ చేయండి.

బిల్డర్ నుంచి ప్లాంటు చేతికి తీసుకునేవాళ్లు ఒక పరీక్ష చేయించుకోవాలని మా గట్టి మాట. మురుగు వదలకముందు ట్యాంకు మంచినీళ్లతో నింపించండి. అందులోని ఆక్సిజన్‌ను సోడియం సల్ఫైటుతో తీసేయాలి. మిల్లీగ్రాము ఆక్సిజన్‌కు 7.9 మిల్లీగ్రాముల సల్ఫైటు పోతుంది, 33 ఘనపు మీటర్లకు దాదాపు 2 కిలోలు, పైన కొంత అదనం కలిపి రెండున్నర నుంచి మూడు. అతి కొద్దిగా కోబాల్ట్ లవణం వేస్తేనే ఈ చర్య చురుగ్గా సాగుతుంది. సల్ఫైటును ముందు బకెట్లలో కరిగించి ట్యాంకంతా సమానంగా పోయాలి, గడ్డలుగా వేస్తే ఒక మూల మిగిలిపోయి రీడింగులు తప్పుతాయి. డీవో సున్నాకు వచ్చాక బ్లోయర్ నడుపుతూ అర నిమిషానికోసారి రీడింగు రాయండి. 7.4లోంచి రీడింగు తీసేస్తే లోటు. ఆ లోటు సగమవడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. మేం చెప్పిన ప్లాంటు సగటు భారం మోయాలంటే సగమవడానికి నాలుగు నిమిషాలలోపే పట్టాలి, పొద్దుటి రద్దీ కూడా మోయాలంటే రెండు నిమిషాల దగ్గరుండాలి. ఎనిమిది నిమిషాలు పట్టిందంటే కాగితం మీద ఎన్ని హార్స్‌పవర్లున్నా ఆ ప్లాంటు చాలదు. ట్యాంకులో రెండు మూడు చోట్ల, రెండు లోతుల్లో కొలవండి. కోబాల్ట్ కలిసిన నీళ్లు తోటకు పెట్టకూడదు, ఎలా పారవేయాలో పరీక్ష చేసేవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

చివరగా మనుషుల ప్రాణాల సంగతి, దీన్ని మీ వార్త తాకనే లేదు. ఆక్సిజన్ నీళ్లలోకి దిగే నియమమే తిరగేస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ (ఆ కుళ్లిన కోడిగుడ్డు వాసన వాయువు) నీళ్లలోంచి బయటికొస్తుంది. నిల్వ ఉన్న స్లడ్జ్‌లో అది కరిగి ఉంటుంది, పైన గాలిలో అది దాదాపు సున్నా, కాబట్టి బయటపడాలన్న తోపుడు ఎప్పుడూ ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర సల్ఫైడ్‌లో సగం బయటికి పోగల రూపంలోనే ఉంటుంది. కదలనంతసేపు ఆ నీటి పొరే దాన్ని ఆపుతుంది. మనిషి దిగి కాలితో బురద కలిపినా, ఆగిన బ్లోయర్‌ను మళ్లీ వేసినా పొర చెదిరి ఒక్కసారిగా పైకొస్తుంది. అది గాలికన్నా బరువు, ట్యాంకులోనే పరుచుకుంటుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దాటాక కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కదా అని లోపలివాడు ధైర్యంగా ఇంకో మెట్టు దిగుతాడు. అతణ్ని కాపాడబోయి రెండోవాడు పడిపోతాడు. రక్షణ సరంజామా లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో మురుగు కాలువలోకో దింపడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది. ఎస్టీపీ ట్యాంకు దగ్గర కూడా ఆ నిషేధాన్ని అక్షరాలా పాటించాలి.

డిఫ్యూజర్లు మార్చే సమయం ఎలాగూ ఐదు నుంచి ఏడేళ్లకోసారి వస్తుంది. అప్పుడు కొత్తవాటిని అడుగున పైపులకు శాశ్వతంగా బిగించనివ్వకండి. స్టీలు గొలుసుతో పైకి లాగగలిగే ఫ్రేముల మీద, ఒక్కో ఫ్రేముకు విడి వాల్వుతో, పైన యూనియన్ జాయింటుతో (విప్పి బిగించగల అతుకు) పెట్టించండి. ఖర్చు కొంత ఎక్కువవుతుంది. మెంబ్రేన్ చిరిగిన రోజు ఆ ఒక్క వాల్వు కట్టేసి, ఫ్రేమును గట్టు మీదికి లాగి, మెంబ్రేన్ మార్చి మళ్లీ దింపేయొచ్చు. ట్యాంకు ఖాళీ చేయక్కర్లేదు, ఎవరూ దిగక్కర్లేదు.

ఇట్లు,
కొందరు కెమికల్ ఇంజినీర్లు,
మారతహళ్లి, బెంగళూరు